నడుము ఆపరేషన్ అని చెప్పిన అమ్మాయి

నేను అమెరికాలో నర్సుగా రిటైరయ్యానని తెలియగానే ఏ తెలుగింట్లోనైనా మొదట బీపీ గురించి అడుగుతారు, తర్వాత షుగర్ గురించి అడుగుతారు. ఏ డిపార్ట్‌మెంట్‌లో చేశారంటే ప్లాస్టిక్ సర్జరీ అంటాను. అంతే, మగవాళ్లు ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతారు, ఆడవాళ్లు దగ్గరికి జరుగుతారు. కాసేపయ్యాక వాళ్లలో ఒకామె నన్ను వంటగదిలోకి లాక్కెళ్లి, "ఆంటీ, అదీ... పైన... బరువు తగ్గించే ఆపరేషన్ ఒకటుంటుందట కదా?" అంటుంది. రొమ్ము అనే మాట మనవాళ్ల నోట రావాలంటే ముందు తలుపు వెయ్యాలి, ఆ తర్వాత పొయ్యి మీద ఫ్యాన్ ఆన్ చెయ్యాలి.

వంటగదుల్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నా గొంతు పోతోంది. అందుకని అమ్మాయిలూ, అందరికీ కలిపి ఒకేసారి ఇక్కడ చెప్పేస్తున్నాను. పాఠంలా చెబితే మీరు నాలుగు లైన్లు చదివి ఫోన్ పక్కన పెడతారని నాకు తెలుసు. కాబట్టి నా సర్వీసులో నేను మర్చిపోలేని ఒక అమ్మాయి సంగతి చెబుతాను.

మిషిగన్‌లో ట్రాయ్ పక్కన ఒక సర్జన్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. కోసేదీ కుట్టేదీ ఆవిడ. నా పని మాట్లాడటం. ఆపరేషన్‌కి ముందు పేషెంట్‌ని కూర్చోబెట్టి ఏం చేస్తారు, ఏం మానాలి, ఇంటికెళ్లాక ఎవరు చూసుకుంటారు, అన్నీ విడమరిచి చెప్పాలి. మా ఇంట్లో నాకు వాగుడుకాయ అని పేరు. ఆ వాగుడుకి జీతం ఇచ్చిన చోటు లోకం మొత్తమ్మీద అదొక్కటే. మా సర్జన్ మాత్రం నాకు పూర్తిగా విరుద్ధం. పొడుగ్గా, మౌనంగా ఉండేది. మనసు బాగుంటే చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీసేది. రాగం ఆగిందంటే మేమంతా ఏదో తప్పు జరిగిందని వెతుక్కునేవాళ్లం. ఇక రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ మన ఇంటిపేర్లు పిలవడానికి బయల్దేరి, సగం దూరం వెళ్లి, నా వైపు చూసేది.

ఒక జూలైలో అలాగే చూసింది. నేనెళ్లి పిలిస్తే ఒక అమ్మాయి లేచింది. కరీంనగర్ వైపు పిల్ల, ట్రాయ్‌లో కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. బయట ఎండ మాడ్చేస్తుంటే మందపాటి హుడీ వేసుకుంది. ల్యాప్‌టాప్ బ్యాగ్‌ని వీపుకి కాకుండా ముందుకి హత్తుకుంది. భుజాలు రెండూ ముందుకి వంచి, మెడ కిందికి దించి నడుస్తోంది. నన్ను చూసి, "తెలుగా ఆంటీ?" అంది. పరాయి దేశంలో తెలుగు మొహం కనబడితే ఎవరైనా సంతోషిస్తారు. ఈ పిల్ల మొహం మాత్రం పాలిపోయింది.

"ఆంటీ, మీరు ఏ వాట్సాప్ గ్రూప్‌లల్ల ఉన్నరు?" అని అడిగింది లోపలికి రాగానే.

నాకు నవ్వాగలేదు. "ఉన్నవన్నీ మ్యూట్‌లో పెట్టానమ్మా. ఈ గదిలో మాట గది దాటిందంటే నా లైసెన్స్ ఊడుతుంది. అయినా నీకు ఇబ్బందిగా ఉంటే వేరే నర్సుని పిలుస్తాను, నేనేమీ అనుకోను" అన్నాను.

బ్యాగ్ కింద పెట్టి, "వద్దు ఆంటీ. మీరే ఉండండి. ఇంగ్లిష్‌ల చెప్తే ఇది వేరేవాళ్ల గురించి చెప్పినట్టు ఉంటది" అంది.

హుడీ తీశాక చూద్దును కదా, రెండు భుజాల మీదా బ్రా పట్టీలు కోసుకుపోయి గుంటలు పడ్డాయి. రొమ్ముల కింద చెమటకి చర్మం ఒరిసి ఎర్రగా పొక్కింది. మెడనొప్పి, తలనొప్పి, రాత్రి ఏ పక్కకి తిరిగినా బరువు. స్కూల్లో ఖోఖో ఆడేదట. ఎనిమిదో తరగతిలో మానేసిందట. ఎందుకు మానేశావని అడిగితే, "నేను ఉరుకుతుంటే అందరు ఆటను చూస్తలేరు ఆంటీ" అంది. ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్ అనుకునేవాళ్లని ఆ రోజు ఆ గదిలో నిలబెట్టి ఆ భుజాలు చూపించాలనిపించింది నాకు.

ఇన్సూరెన్స్ వాళ్లు ఫొటోలు కావాలన్నారు, ముందు ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు, అన్నీ పంపితే కుదరదన్నారు. ఒకసారి కుదరదంటే ఏడ్చి ఊరుకోకూడదమ్మాయిలూ, మా సర్జన్ మళ్లీ రాసింది, ఈసారి సరే అన్నారు. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఆ పిల్లని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

గాటు చనుమొన చుట్టూ ఒకటి, అక్కణ్నించి నిలువుగా కిందికి ఒకటి, కింద మడత వెంబడి ఒకటి పడుతుందని చెప్పాను. మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది గానీ పూర్తిగా పోదు. చనుమొనల్లో స్పర్శ తగ్గొచ్చు, కొంతమందికి తిరిగి రాకపోవచ్చు కూడా. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు, ముందు మాత్రం ఉన్నాయా ఏమిటి? తీసిన కణజాలాన్ని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు. సిగరెట్ తాగేవాళ్లకి గాయం మానదు, అసలు డాక్టర్లు చెయ్యనే చెయ్యరు. కొన్ని రకాల నొప్పి మాత్రలు, చేపనూనె, వెల్లుల్లి గుళికలు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు, ముందే మానెయ్యాలి. ఇంటికెళ్లాక వెల్లకిలా, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కొన్ని వారాలు చేతులు పైకెత్తి అల్మారాలోంచి డబ్బాలు దించకూడదు, బియ్యం మూట మొయ్యకూడదు. తలమీదుగా తొడుక్కునే బట్టలు వద్దు, ముందు గుండీలున్నవే వేసుకోవాలి.

అన్నీ విన్నది. తలూపింది. ఇక చివరికి నేనే ఎత్తాల్సొచ్చింది. "పిల్లలు కావాలనుకుంటున్నారా?"

"కావాలె ఆంటీ. తర్వాత. పాలు వస్తయా?"

ఈ ప్రశ్న దగ్గర తియ్యటి అబద్ధాలు చెప్పే నర్సులు ఉంటారు, నేను చెప్పను. "కొంతమందికి వస్తాయి. కొంతమందికి కొన్నే వస్తాయి. కొంతమందికి రావు. నీకేమవుతుందో ముందే చెప్పగల మనిషి ఎవరూ లేరు. అది నీకు ముఖ్యమైతే పిల్లలు పుట్టాకే చేయించుకోవచ్చు. ఆగలేననిపిస్తే ఇప్పుడు చేయించుకోవచ్చు. రెండూ తప్పు కాదు."

"ఆగలేను" అంది వెంటనే. "కానీ ఇంట్ల చెప్పలేను."

భర్తకి తెలుసట, అతను సరే అన్నాడట. తెలియనిది అత్తగారికి. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి కొన్ని నెలలుగా వీళ్ల దగ్గరే ఉంటోంది. మనవడో మనవరాలో కావాలని కళ్లల్లో ఒత్తులేసుకుని చూస్తోంది. పాల సంగతి తెలిస్తే ఆవిడ అడ్డుపడుతుంది, ఆవిడ అడ్డుపడితే కొడుకు మెత్తబడతాడు, ఇన్నేళ్లకి దొరికిన ఆపరేషన్ చెయ్యిజారిపోతుంది. ఇదీ ఆ పిల్ల భయం.

"మరి ఆవిడకేం చెప్పావు?"

"నడుము ఆపరేషన్ అని చెప్పిన."

"ఆపరేషన్ తర్వాత నీకు కట్టు మార్చేదెవరు?"

"అత్తమ్మనే."

అమ్మో! నేను తల పట్టుకున్నాను. కట్టు ముందుంటే నొప్పి వెనకుందని ఎలా నమ్మిస్తావే తల్లీ అన్నాను. "అదంతా అప్పుడు చూసుకుంటం ఆంటీ" అంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ముందు రిలీజ్ చేసేసి తర్వాత సరిచేసుకోవడం అలవాటైనవాళ్లు కదా. ఇంట్లో చెప్పమని ఒకసారి చెప్పగలను, రెండోసారి గట్టిగా చెప్పగలను, అంతకు మించి నాకు హక్కు లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే వచ్చారు. లోపల ఆ పిల్లకి గౌను వేయించి నా ప్రశ్నలు నేను అడిగాను. మందులేమైనా వేసుకుంటున్నావా? లేదు. నొప్పి మాత్రలు? లేదు. విటమిన్లు? మీరు చెప్పినరోజే మానేసిన ఆంటీ. అంతా బాగానే ఉంది. పక్కగదిలో కూనిరాగం వినబడుతోంది.

ఎంతసేపు పడుతుందో భర్తకి చెబుదామని వెయిటింగ్ రూంలోకి వెళ్లాను. ఆరడుగుల మనిషి, పాపం, కాఫీ మెషీన్ మీద రాసున్నదంతా శ్రద్ధగా చదువుతున్నాడు. ఎందుకా అని చూస్తే ఇటుపక్క వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆపరేషన్ అయ్యాక వేసుకోవాల్సిన ముందు జిప్పుండే బ్రాని సంచీలోంచి తీసి, చీర మీదుగా తన నడుముకి చుట్టి చూసుకుంటోంది.

"ఏందమ్మా, బెల్టు ఇంత చిన్నదిచ్చారు?" అంది నన్ను చూసి. తర్వాత నా మొహంలోకి చూసి, "మనోళ్లేనా?" అంది.

"మనోళ్లమేనండీ" అన్నాను. ఇక ఆవిడ సంతోషం చూడాలి! చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మా ఊరడిగింది, మా ఆయన ఊరడిగింది, కోడలు ఎంత మంచిదో చెప్పింది. "పిచ్చిది, నడుం నొప్పితో వంగిపోయి తిరుగుతా నోరెత్తి చెప్పదు. నేనే కనిపెట్టుకుని చూసుకుంటన్నా. వారం పైనుంచి పాలల్లో వెల్లుల్లి రెబ్బలు ఉడకేసి తాగిస్తన్నా. నా మోకాళ్ల మాత్ర కూడా రోజూ ఒకటేస్తన్నా. రాత్రి కూడా వేశా, ఆపరేషన్‌కి బలంగా ఉంటదని" అంది.

"ఏ మాత్రండీ?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్ట్రిప్ తీసి గర్వంగా చూపించింది. అది సరిగ్గా నేను మానెయ్యమన్న రకం.

లోపలికి పరిగెత్తాను. మాత్రలు వేసుకోలేదన్నావు కదమ్మా అంటే ఆ పిల్ల తెల్లబోయింది. "అవి మందులు కావు కదా ఆంటీ, అత్తమ్మ ఇచ్చినయి" అంది. నిజంగానే అలా అనుకుంది! షాపులో కొంటేనే మందు మనకి. ఇంట్లో పెద్దవాళ్లు చేతిలో పెట్టింది మందెలా అవుతుంది? ఈ ఒక్క ముక్క మాత్రం మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. నర్సు అడిగినప్పుడు కషాయం చెప్పండి, పసుపు గుళికలు చెప్పండి, సూట్‌కేసులో వచ్చినవన్నీ చెప్పండి. నవ్వుతామేమోనని దాచకండి, నవ్వినా ఆపరేషన్ సరిగ్గా చేస్తాం.

మా సర్జన్ రాగం ఆపేసింది. స్ట్రిప్ చూసి, తల అడ్డంగా ఊపింది. ఇవాళ చెయ్యను అంది. లోపల రక్తం చేరితే మళ్లీ తెరవాల్సి వస్తుంది మరి. ఆ పిల్ల ఏడుపు నేను చూడలేకపోయాను. ఆఫీసులో లీవ్ ఇప్పటికే పెట్టేసింది, ఇన్సూరెన్స్ అనుమతి నెలాఖరుదాకానే ఉంది. రిసెప్షన్ పెద్దావిడ క్యాలెండర్‌తో కుస్తీ పట్టి, ఎవరెవరినో ఫోన్లలో బతిమాలి, నెలాఖరులోపల ఒక్క రోజు సంపాదించింది. అది కూడా తప్పిపోతే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి.

ఈలోగా వెయిటింగ్ రూంలో కొడుకు వాళ్లమ్మకి ఆపరేషన్ వాయిదా పడిందనీ, ఆ మాత్ర వల్లేననీ చెప్పాడు. అత్తగారు ఎవరు ఆపినా ఆగకుండా లోపలికొచ్చేసింది. కోడలి చెయ్యి పట్టుకుని బావురుమంది. "నా చేతుల్తో నేనే చెడగొట్టానే! బాగు చేద్దామనుకుని నీ నడుం నేనే నాశనం చేశానే!" అని తల కొట్టుకుంటోంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నడుం ఆపరేషన్‌కి ఈ మాత్రతో ఏం ముప్పొచ్చింది? నువ్వన్నా చెప్పవే" అంది.

నేనేం చెప్పను? పేషెంట్ నోరు విప్పనిదే నా నోటికి తాళం. ఎక్కువ మాట్లాడతానని పేరున్న మనిషిని, ఆ గదిలో మూగదానిలా నిలబడ్డాను.

ఆ పిల్ల అత్తగారి చేతులు పట్టుకుని ఆపింది. "అత్తమ్మా, ఏడ్వకు. నువ్వేం చెయ్యలే. నేనే అబద్ధం చెప్పిన. నడుముకు కాదు ఆపరేషన్" అంది. గౌను భుజం మీద నుంచి కొంచెం జరిపి, పట్టీల గుంటలు చూపించింది. తర్వాత అన్నీ చెప్పింది. ఖోఖో సంగతి కూడా చెప్పింది.

అత్తగారు ఏడుపాపి ముందు కోపం తెచ్చుకుంది. "మరి నేను నీ నడుం తగ్గాలని దుర్గమ్మకి మొక్కుకున్నానే! ఆ తల్లికిప్పుడు ఏమని చెప్పను, పొరపాటున నడుమన్నా, కొంచెం పైకి జరుపమ్మా అని చెప్పనా?" అంది. నేను నవ్వు ఆపుకోవడానికి గోడమీది బొమ్మ చూశాను. కాసేపటికి ఆవిడ గొంతు తగ్గింది. "పాలు?" అంది నన్ను చూసి.

నేను ఆ పిల్లని చూశాను. చెప్పండి అన్నట్టు తలూపింది. ఆమెకి చెప్పినట్టే ఈవిడకీ చెప్పాను. రావచ్చు, కొన్నే రావచ్చు, రాకపోనూవచ్చు.

ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. ఇక ఈ ఆపరేషన్ జరగదని నేను కూడా అనుకున్నాను. అప్పుడు అత్తగారు లేచి తలుపు తీసి, "ఒరేయ్, ఇట్రా" అని కొడుకుని పిలిచింది. అతను వచ్చాక తలుపు మళ్లీ వేసింది.

"నువ్వు తాగింది డబ్బా పాలురా" అంది.

"ఏంటమ్మా?"

"నాకు పాలు పడలా. నువ్వు పుట్టిన వారం నుంచీ డబ్బా పాలే. మా అత్తగారు గుమ్మంలో కూర్చునేది కదా, తెలిస్తే చంపేసేది. గోడ వైపు తిరిగి, కొంగు కప్పి, కొంగు కింద సీసా పెట్టేదాన్ని. చప్పరించే చప్పుడు ఒకటేగా, ఆవిడేం కనిపెడుతుంది?"

"నా పాలు తాగినోడివిరా, అందుకే ఇంత తెలివి అని జనం ముందు ఎన్నిసార్లు అన్నావమ్మా!" అన్నాడతను నోరు తెరిచి.

"అన్నా. ఏం చెప్పమంటావు మరి? మీ నాన్నక్కూడా తెలీదు." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "వీడు ఆరడుగులు పెరగలా? ఉద్యోగం చెయ్యట్లా? పాలొస్తే ఇద్దువుగాని, రాకపోతే సీసా ఉంది. నాకు మల్లే గోడకి తిరిగి కూర్చోబాకు, నా ఎదురుగానే పట్టు. చేయించుకోవే."

ఆ పిల్ల అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నా ఉద్యోగంలో ఇలాంటివి చూస్తూ ఏడవకూడదని రూలుంది. నేను ఏడ్చాను, చెప్పకేం.

ఆ తర్వాత ఆవిడ నాకు ఫోన్లు మొదలుపెట్టింది. వెల్లుల్లి పాలు, మోకాళ్ల మాత్ర ఆ రోజే బందయ్యాయి. మాత్రల డబ్బా మొత్తం కొడుకు చేతికిచ్చి దాచెయ్యమందట. ముందు గుండీల నైటీలు తనే కూర్చుని కుట్టింది. పేచీ అంతా పథ్యం దగ్గరొచ్చింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని ఆవిడ, అలాంటిదేమీ లేదు, గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు పెట్టండని నేను. వాదించి వాదించి చివరికి గుడ్లకి, చేపలకి, పెరుగుకి ఒప్పుకుంది, పప్పుకి మాత్రం ససేమిరా అంది. మా సర్జన్‌ని అడిగితే, గుడ్లు తింటోంది కదా, ఇంకేం కావాలి అంది. మా సర్జన్ అంత పొడుగు వాక్యం మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నెలాఖరు ముందు దొరికిన ఆ ఒక్క రోజున ఆపరేషన్ జరిగింది. రాగం మొదట్నుంచి చివరిదాకా ఆగలేదు.

మొదటిసారి చూపించుకోవడానికి ముగ్గురూ వచ్చారు. కుట్లు ఒత్తుకోకుండా కారులో సీటు బెల్టుకీ ఒంటికీ మధ్య చిన్న దిండు పెట్టుకోమని ఆ పిల్లకి చెప్పి పంపాను, అత్తగారు దానికి పట్టుచీర అంచుతో గలీబు కూడా కుట్టింది. కట్టు విప్పి చూశాం. వాపుంది, కమిలిన మచ్చలున్నాయి. కింద కుట్టు ఒకచోట నెమ్మదిగా మానుతోంది, అది అక్కడ మామూలే. ఇప్పుడే ఆకారం చూసి సంతోషపడొద్దు, బాధపడొద్దు, కొన్ని నెలలు ఆగు అని చెప్పాను. ఆ పిల్ల నా మాట వింటే కదా! మంచం దిగి అద్దం ముందు నిలబడింది. మెల్లగా భుజాలు వెనక్కి తీసుకుంది. మెడ ఎత్తింది. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. మందులూ కుట్లూ అన్నీ మర్చిపోయి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

అత్తగారు వెళ్లి ఆమె పక్కన నిలబడింది. అద్దంలోకి ఒకసారి చూసింది, మనిషిని ఒకసారి చూసింది. కోడలి మొహంలోకి చూడ్డానికి ఆవిడ తల పైకెత్తాల్సొచ్చింది.

"ఏందే, నువ్వు నాకంటే పొడుగా!" అంది.

"మొదటినుంచి ఇంతే ఉన్న, అత్తమ్మా" అంది ఆ పిల్ల.